బావ వచ్చిన చోట చిల్లులు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ అమ్మడు పెళ్లైన నాటి నుంచీ అంటోంది. ముప్పై నాలుగేళ్లు ఫ్యాక్టరీలో వెల్డింగు షాపు ఫోర్‌మన్‌గా చేసినవాడికి కోపం ముక్కు మీద కాక అటక మీద ఉంటుందా? మెత్తగా చెబితే వినే వెల్డరు నా సర్వీసులో ఒక్కడూ తగల్లేదు. గట్టిగా చెబితే తలూపి, నేను వెనక్కి తిరగ్గానే మళ్లీ అదే పని చేసేవాళ్లే అందరూ. తిట్టిన తిట్టు తిట్టినట్టు గోడ మీద సుద్దముక్కతో రాసుకుని, వారం తిరిగేసరికి సరిచేసి చూపించిన మనిషిని ఒక్కరినే చూశాను. అదీ రిటైరయ్యాక. ఆవిడ పేరు బుచ్చమ్మ, వయసు యాభై, ఊరు శామీర్‌పేట దగ్గర దేవరయాంజాల్.

మాది సామర్లకోట. ఇప్పుడు యాప్రాల్‌లో ఫ్లాటు కొనుక్కుని ఉంటున్నాం. అమ్మడు శనివారం శనివారం దేవరయాంజాల్ సీతారామస్వామి గుడికి వెళ్తుంది. స్కూటరు నడపడానికి నన్ను వెంట పెట్టుకెళ్తుంది. నాకు రాముడితో పేచీ ఏమీ లేదు గానీ మోకాళ్లతో ఉంది, అందుకని బయటే కూర్చుంటాను. పోయిన ఎండాకాలం ఓ శనివారం అలా కూర్చుని ఉండగా రోడ్డవతల రేకుల షెడ్డులోంచి చప్పుడు వినిపించింది. పట్, పట్, పటపట. మిగ్ వెల్డింగు మిషను సరిగ్గా అమర్చి ఉంటే మిరపకాయ బజ్జీ నూనెలో వేగుతున్నట్టు ఒకే తీరున చిటపటలాడాలి. ఇది తడిసిన టపాకాయల దండలా పేలుతోంది. నాకు ఒళ్లు మండింది. లేచి వెళ్లాను.

లోపల ఓ ఆడమనిషి స్టూలు మీద కూర్చుని, మొహానికి హెల్మెట్టు తగిలించుకుని వెల్డింగు చేస్తోంది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకున్న మగమనిషి పక్కనే చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. అది బుచ్చమ్మ, ఈయన మొగుడు అంజయ్య. అప్పటికి నాకిద్దరూ తెలీదు. తెలీనంత మాత్రాన తిట్టకూడదని ఎక్కడా లేదు కదా. ఆపమని అరిచి మొదలుపెట్టాను.

గ్యాసు సిలిండరుకు బంతిపూల దండ వేశారు, కుంకుమ బొట్టు పెట్టారు, బాగానే ఉంది. గోడకు గొలుసు వేసి కట్టలేదేం? అది పడి మెడ విరిగితే దండతో సహా గోడ పగలగొట్టుకుని అవతల ఊళ్లో తేలుతుంది. ఎర్త్ క్లాంపు తీసుకెళ్లి పెయింటు మీద తగిలించారేం? పెయింటులోంచి కరెంటు ఎలా పోతుంది? గీకి, ఇనుము తెల్లగా కనబడ్డ చోట పట్టించాలి. సగం చప్పుడు దానివల్లే. మిగతా సగం తీగను తోసే చక్రం వదులైనందుకు. ఇక ఆ కట్టుకున్నదేమిటి, నైలాన్ చీరా? నిప్పురవ్వ పడితే నూలు చీర కాలుతుంది, నైలాన్ చీర కరిగి ఒంటికి అతుక్కుంటుంది. చర్మంతో పాటు ఊడొస్తుంది.

"ముందు కూసోండ్రి సారు" అన్నాడు అంజయ్య. "చాయ్ దాగుండ్రి. కోపం తర్వాత జేద్దురు." నేనెవరో అడగనైనా అడక్కుండా కుర్చీ వేసి, మూలనున్న నిలువు ఫ్యాను తెచ్చి నా ముందు పెట్టాడు.

బుచ్చమ్మ మాత్రం హెల్మెట్టు తీసి సుద్దముక్క వెతుక్కుంది. "గా గొలుసు ముచ్చట ఇంకోపారి జెప్పుండ్రి సారు. రాసుకుంట."

మరుసటి శనివారానికి సిలిండరుకు గొలుసు పడింది. ఒంటి మీద నూలు చీర, దాని మీద అంజయ్య పాత కాకీ చొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకుని, కాళ్లకు తోలు బూట్లు, చేతులకు మోచేతుల దాకా గ్లౌజులు. గుమ్మం పక్కన ఓ బకెట్లో నీళ్లు, ఓ బకెట్లో ఇసుక. గొలుసు ఎక్కడో చూసినట్టుందే అనుకుంటే, బర్రెను కట్టేసే గొలుసు.

"మరి బర్రె?" అన్నాను.

"తాడుతోని కట్టేసినం. బర్రె కిందవడ్డా పేలదు గద సారు" అంది బుచ్చమ్మ. నాకు ఆవిడ మీద గౌరవం ఆ రోజే మొదలైంది.

ఆవిడ కథ నేను ముక్కలు ముక్కలుగా విన్నాను. పుట్టిల్లు గండిమైసమ్మ దగ్గర. పందొమ్మిదో ఏట ఈ ఇంటికి కోడలై వచ్చింది. భూములున్న కుటుంబం. అప్పట్లో వీళ్లకు మూడెకరాల ద్రాక్షతోట ఉండేది. ఇనుప కమ్ములు పాతి, తీగలు లాగి, పందిరి వేసి, ఒక్కో కొమ్మనూ ఆ తీగకు తన చేత్తో కట్టేదట. తర్వాత నీళ్లు అడుగంటాయి, తోటలు ఎండాయి, ప్లాట్లు మొలిచాయి. అంజయ్య అందరిలాగే నాలుగు జతల తెల్లబట్టలు కుట్టించుకుని ప్లాట్లు చూపించే పనిలో పడ్డాడు. పందిరి కమ్ములు మాత్రం ఇంటి వెనక గుట్టగా మిగిలాయి. అంజయ్య పాత సామాన్లవాడికి తూకానికి వేస్తానంటే బుచ్చమ్మ ఒప్పుకోలేదు. పదేళ్లు ఆ గుట్ట మీద కాకరపాదు పాకింది.

ఓ ఏడాది ఊళ్లో మహిళా సంఘం వాళ్లు మేడ్చల్‌లో కుట్టు శిక్షణకు పేర్లు రాసుకున్నారు. బుచ్చమ్మ వెళ్లేసరికి కుట్టు సీట్లు నిండిపోయాయి. ఇంత దూరం వచ్చి ఆటో ఖర్చు దండగ చేసుకోవడం ఇష్టం లేక, పక్క గదిలో ఖాళీ ఉందంటే అందులో కూర్చుంది. అది వెల్డింగు. నేర్పే ఆయన మిషను మూత తెరిచి తీగ చుట్ట చూపించి, దీన్ని కూడా దారంలా ఎక్కించడమేనమ్మా అన్నాడట. ఆవిడ నమ్మేసింది. మూడు నెలల తర్వాత కాకరపాదు పీకేసి, గుట్టలోంచి నాలుగు కమ్ములు లాగి, బర్రె కుడితి తొట్టికి స్టాండు చేసింది. ఆ తర్వాత ఇంటి గేటు, తర్వాత ఊళ్లో గేట్లు, మంచాలు, కిటికీ జాలీలు. మిగ్ మిషను కొన్నాక కమ్ముల గుట్ట సగానికి తగ్గింది.

మిగ్ అంటే తెలియనివాళ్లకు ఓ మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. చేతిలో టార్చి ఉంటుంది. మీట నొక్కితే దాని మూతిలోంచి తీగ తనంతట తనే వచ్చి కరిగి అతుకుతుంది. తీగతో పాటే గ్యాసు కూడా వచ్చి, కరిగిన ఇనుము చుట్టూ గాలి చొరబడకుండా కాపలా కాస్తుంది. ఆ గ్యాసు చెదిరితే చాలు, అతుకు నిండా చిల్లులు పడతాయి. చూడటానికి అతుకులాగే ఉంటుంది, బరువు పడితే పుటుక్కుమంటుంది.

ఇలా ఉండగా మా అపార్ట్‌మెంటు బయటి ఇనుప మెట్లు తుప్పు పట్టి, కొత్తవి వేయించాల్సి వచ్చింది. నేను బుచ్చమ్మ పేరు చెప్పాను. మా సెక్రటరీ భానుతేజ నవ్వాడు. "ఆడవాళ్లు మెట్లు వెల్డింగ్ చేయడమేంటి అంకుల్" అన్నాడు. నా ముక్కు మీదున్నది బయటికి దూకింది. మీటింగులో ఏమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు గానీ, చివరికి ఒప్పందం ఇది: ఆవిడ షెడ్డులో, ఆవిడ మిషను మీద, నేను పరీక్ష పెట్టాలి. రెండు జతల ఇనుప పలకలు అతకాలి, ఒక జత పడుకోబెట్టి, ఒక జత నిలబెట్టి. అతుకును కోసి, వైస్‌లో బిగించి వంచితే పగలకూడదు. మూడు శనివారాలు అవకాశం. నెగ్గకపోతే పని సిటీ కాంట్రాక్టరుకు.

నాకు అది మెట్ల పనే. బుచ్చమ్మకు అది షెడ్డు సంగతి. ఆ షెడ్డున్న జాగా ఇంకా ఇంటి పెద్ద సిద్దయ్య పేరు మీదే ఉంది. సిద్దయ్య అంజయ్యకు అన్న, బుచ్చమ్మకు బావ, ఊరికి మాజీ సర్పంచు. రోడ్డు పక్క జాగా కనుక అందులో ప్లాట్ల ఆఫీసు పెట్టుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. మెట్ల పని సంగతి విని తమ్ముణ్ణి పిలిచి చెప్పాడట: "యాప్రాలోళ్ల పని నీ పెండ్లానికి దొరికితే షెడ్డు ఆమెకే. దొరకకుంటే ఇగ మిషన్ అమ్ముకోండ్రి, నా ఆఫీసు తెరుస్త." ఆ పెండ్లాం అక్కడే తలుపు చాటున నిలబడి ఉంది.

మొదటి శనివారం నేను దగ్గరుండి అన్నీ చూశాను. మెయిన్ స్విచ్చి ఆపాకే తీగ చుట్ట ఎక్కించింది. సిలిండరు మూతికి ఎదురుగా కాక పక్కకు నిలబడి మెల్లగా తిప్పింది. గొట్టం బిగింపుల మీద సబ్బు నురగ రాసి, బుడగలు రాలేదని చూసుకుంది. గ్యాసు నిమిషానికి పన్నెండు లీటర్లకు పెట్టింది. పనికిరాని ముక్క మీద ఓ అతుకు వేస్తే బజ్జీలు చక్కగా వేగాయి. ఇక నాకు పనేముంది? అమ్మడు గుళ్లో బుచ్చమ్మ పేరు మీద అర్చన చేయిస్తాను రమ్మంటే వెళ్లాను. అరగంటలో తిరిగొచ్చేసరికి పలకలు చల్లారి బల్ల మీద ఉన్నాయి.

మొదటి నాలుగంగుళాలు వేలితో తడిమి తడిమి చూశాను. పొలుసు మీద పొలుసు పేర్చినట్టు ఒకే వెడల్పున వచ్చింది. నా షాపులో ఇరవై ఏళ్ల వాళ్లు కూడా అలా వేసింది తక్కువ. ఐదో అంగుళం దగ్గర అతుకు టక్కున తెగి గుంట పడింది. అక్కణ్ణుంచి పురుగు తిన్న వంకాయ. తర్వాత మళ్లీ బంగారం. మళ్లీ తెగింది.

"ఇక్కడేమైంది?" అని గుంట మీద వేలు పెట్టాను.

బుచ్చమ్మ నేల చూపులు చూసింది. "గక్కడ బావ వచ్చిండు సారు."

"ఏ బావ?"

"మా పెద్దాయిన."

"వస్తే?"

"లేసి నిలబడ్డ."

"ఈ చిల్లులేమిటి?"

"బావకు ఉడకపోస్తదని మా ఆయిన ఫ్యాను బెట్టిండు."

"ఇక్కడ మళ్లీ బాగుందే?"

"బావ పోయిండు."

"మరి ఇక్కడ?"

"ఫోన్ మర్శిపోయిండట. మళ్లొచ్చిండు."

చివరన ఒక గుంట ఉంది, దాని తర్వాత చిల్లులు మాత్రం లేవు. దాని మీద వేలు పెట్టేసరికి ఆవిడ గొంతు ఇంకా తగ్గింది. "బయట ఎవలో దగ్గిండ్రు సారు. బావనుకున్న."

తేమ వల్ల, తుప్పు వల్ల, గ్రీజు వల్ల, తప్పు వోల్టేజి వల్ల అతుకులు చెడటం నేను చూశాను. బావ వల్ల చెడటం ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆరా తీస్తే తెలిసింది. ఆ ఇంట్లో కోడలు బావ ముందు కూర్చోదు. ఆయన అలికిడి వింటే లేచి కొంగు తల మీదికి లాక్కోవాలి. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో బుచ్చమ్మ ఆయనతో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు, ఆయనా ఆవిడను పేరు పెట్టి పిలవలేదు. ఏం చెప్పాలన్నా మధ్యలో అంజయ్య ఉండాలి.

"ఆయినొస్తే లేవకుంటె ఎట్ల సార్?" అన్నాడు అంజయ్య నాకేదో లోకజ్ఞానం తక్కువైనట్టు. "ఫ్యాను బెట్టకుంటె ఊరంత ఏమనుకుంటది?"

"చిల్లుల వెల్డింగు చూసి మా యాప్రాల్ ఏమనుకుంటుందో?" అన్నాను. రెండో శనివారం అన్నను చాయ్ హోటల్లోనే ఆపేస్తానని, బాజాప్తా ఆపుతానని ఒట్టేశాడు.

ఆపాడు. పది నిమిషాలు ఆపాడు. ఆ తర్వాత సిద్దయ్యే, పరీక్ష పెట్టే సారు ఇంటికొస్తే మనం హోటల్లో కూర్చోవడం మర్యాద కాదని అంజయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆరడుగుల మనిషి, తెల్లమీసం, భుజాన కండువా. నన్ను చూసి "నమస్తే రావు సాబ్" అని రెండు చేతులూ జోడించాడు. బుచ్చమ్మ అతుకు మధ్యలో ఆపి లేచింది. హెల్మెట్టు మీదుగా కొంగు లాక్కోబోతే అది జారిపోయింది.

నేను ఊరుకోలేక ఆయనకే చెప్పాను. మీరు వస్తే పని చెడుతోంది అన్నాను. సిద్దయ్యకు కోపం రాలేదు, నిజంగా ఆశ్చర్యపోయాడు. "నేనేం జేసిన రావు సాబ్? ఒక్క మాటన్న మాట్లాడిన్నా? ఉత్తగ కూసున్న." అని నా మొహం చూసి, "మీరు మస్తు పరేషాన్ల ఉన్నరు, చెమటలు గక్కుతున్నరు" అంటూ స్వయంగా లేచి ఫ్యాను మూడు మీద పెట్టి నా వైపు తిప్పాడు. ఫ్యానుకూ నాకూ మధ్యలో బుచ్చమ్మ బల్ల ఉంది.

అంత మర్యాదస్తుణ్ణి ఎలా తిట్టాలో నాకు తెలీలేదు. కళ్లకు అద్దం అడ్డు లేకుండా ఆ మంట చూడొద్దని మాత్రం రెండుసార్లు చెప్పాను. "సర్పంచిగిరి జేసినోన్ని సార్, ఎన్ని మంటలు సూడలే" అని రెప్ప వాల్చకుండా చూశాడు. ఆ రెండో పరీక్షా పోయింది. మర్నాడు పొద్దున్నే అంజయ్య ఫోను: అన్న కళ్లు వాచిపోయి చింతనిప్పుల్లా ఉన్నాయి, ఇసుక పోసినట్టు గరగరలాడుతున్నాయి, డాక్టరు చుక్కలు రాశాడు అని. వెల్డింగు మంట ఎండ లాంటిదే, ఎండకన్నా మొండిది. సర్పంచని చూడదు.

సిద్దయ్య మీద చూపలేని కోపం నేను బుచ్చమ్మ మీద చూపాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగానే ఉంది. బుధవారం నాడు పనిగట్టుకుని వెళ్లి, ఆవిడ చేతికి సుద్దముక్క ఇచ్చి, "రాయమ్మా, బావ వచ్చినా లేవను అని రాయి" అన్నాను.

ఆవిడ గోడ దాకా వెళ్లింది. సుద్ద గోడకు ఆనించి అలాగే నిలబడిపోయింది. "గిది రాయలేను సారు. బావ సదువుతడు."

"అయితే మెట్లు నీ చేత చేయించలేను."

"పరీక్షకు మా అమ్మగారింటికి మిషన్ తీస్కపోయి జేస్త సారు. గండిమైసమ్మల ఎవ్వరు రారు."

"పరీక్ష అక్కడ నెగ్గుతావు. మెట్లు ఇక్కడే కదా చేస్తావు? ముప్పై ఆరు మెట్లు. ఏ మెట్టు అతుకుతుండగా బావ వచ్చాడో, ఏ మెట్టు దగ్గర ఎవరో దగ్గారో నాకెలా తెలుస్తుంది? రంగు వేశాక నీకూ తెలీదు. దాని మీద మా పిల్లలు బంతి కోసం డాబా మీదికి పరిగెత్తుతారు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను తిట్టి పంపేసినా నేను ఏమీ అనుకునేవాణ్ణి కాదు. "నిజమే సారు" అంది చివరికి. "గట్ల జేసిన మెట్లు ఎక్కుండ్రని నేనెట్ల జెప్త." సుద్దముక్క తిరిగి నా చేతిలో పెట్టింది. గోడ మీద ఏమీ రాయలేదు.

మూడో శనివారం నేను వెళ్లేసరికి నేల మీద కొత్తగా పసుపురంగు గీత కనిపించింది. బల్ల చుట్టూ నాలుగడుగుల దూరంలో వేసింది. ఎవరైనా దాని అవతలే నిలబడాలి అన్నమాట. చూడటానికి వచ్చేవాళ్ల కోసం చేతిలో పట్టుకునే అద్దాలు రెండు గోడకు వేలాడుతున్నాయి. అమ్మడు కూడా ఆ రోజు గుడికి పోకుండా నాతోనే లోపలికి వచ్చింది. పరీక్ష మొదలయ్యాక పరీక్ష పెట్టేవాడు నోరెత్తకూడదు. ఆ రూలు పెట్టింది నేనే, చచ్చినట్టు పాటించాలి.

బుచ్చమ్మ పలకలు బిగించింది. క్లాంపు సరిచూసుకుంది. టార్చి అందుకుని స్టూలు మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో దగ్గు వినిపించింది. ఈసారి నిజంగా బావే. కళ్లకు నల్ల అద్దాలు, వెనక కుర్చీ మోసుకుంటూ అంజయ్య. కుర్చీ గీతకు లోపలి వైపే పడింది. ఎండ మండిపోతోందంటూ అంజయ్య అలవాటు చొప్పున ఫ్యాను తెచ్చి మీట నొక్కి, తన చాయ్ గ్లాసు అందుకున్నాడు.

బుచ్చమ్మ స్టూలు కిర్రుమంది. ఆవిడ సగం లేచింది. కూర్చో అని అరవబోయి, నేను పెట్టిన రూలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అమ్మడు నా చెయ్యి పట్టుకుంది, నన్ను ఆపడానికో తను ఆగడానికో తెలీదు. లేచిన మనిషి లేచినంత మెల్లగా మళ్లీ కూర్చుంది.

"బావా" అంది.

అంజయ్య చేతిలో గ్లాసు మూతి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఫ్యాను బంద్ జెయ్యుండ్రి. గ్యాసు చెదురుతాంది. కుర్చీ గీ గీత అవుతల ఏసుకోండ్రి. గా నల్లద్దాలు మంటను ఆపయి, గోడకున్న అద్దం మొఖానికి అడ్డం బెట్టుకోండ్రి. ఇంకోపారి కండ్లు ఖరాబైతయి."

మాటలన్నీ స్పష్టంగానే వచ్చాయి. సిద్దయ్య తమ్ముడి వైపు తిరిగాడు. "ఏమంటుందిరా?"

అంజయ్య గ్లాసులోకి చూశాడు.

"మీతోనే అంటున్న బావా" అంది బుచ్చమ్మ.

సిద్దయ్య లేచి వెళ్లిపోతాడనుకున్నాను, షెడ్డు అప్పుడే తాళం వేస్తాడనుకున్నాను. లేచాడు. ఫ్యాను తనే ఆపాడు. కుర్చీ తనే లాక్కుని గీత దాటించాడు. గోడ మీది అద్దం తీసి చూసి, ఎటు పట్టుకోవాలో తెలీక తిప్పి మళ్లీ తిప్పి, మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బుచ్చమ్మ హెల్మెట్టు దించింది.

ఒకే తీరున వేగింది చప్పుడు. ఎక్కడా తెగలేదు. అడుగు పొడవునా పోయి ఆ చివర ఆగింది. బుచ్చమ్మ హెల్మెట్టు ఎత్తి, పని అయిపోగానే అలవాటు కొద్దీ గబుక్కున లేచి నిలబడి కొంగు కోసం తడుముకుంది.

"కూసో" అంది అద్దం వెనకనుంచి ఓ గొంతు. "ఇంకోటున్నదిగద."

ఆ మాట అంజయ్యతో అన్నది కాదు. బుచ్చమ్మ అటే చూస్తూ నిలబడింది. తర్వాత గ్లౌజు వెనకతో కళ్లు తుడుచుకుని కూర్చుంది. రెండో జత నిలబెట్టి వేసేది, అది కష్టం. కరిగిన ఇనుము కిందికి జారుతుంది, చెయ్యి కుదురుగా ఉండాలి. ఆవిడ చెయ్యి కుదురుగానే ఉంది.

చల్లారాక అతుకుల్లోంచి పట్టీలు కోసి వైస్‌లో బిగించాను. సుత్తి పెట్టి ఒకదాన్ని వంచాను, రెండోదాన్ని వంచాను. రెండూ గుర్రపు నాడాల్లా వంగాయి. భూతద్దం పెట్టి వెతికాను, నిజం చెప్పాలంటే పగులు దొరుకుతుందేమోనన్న భయంతో వెతికాను. వెంట్రుకంత కూడా లేదు. పాస్ అని గట్టిగా చెబుదామని నోరు తెరిచాను. ఆలోగా అమ్మడే చెప్పేసింది.

కాగితం తీసి పని వివరాలు రాయడం మొదలుపెట్టాను. ఎన్ని రోజుల్లో అవుతుందో రాయాలి. సిద్దయ్య అద్దం దించాడు. "అరే అంజిగా, మెట్లు ఎన్ని రోజులల్ల..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఆవిడ వైపు తిరిగాడు.

"ఎన్ని రోజులల్ల అయితయి బుచ్చమ్మా?"

బుచ్చమ్మ స్టూలు మీంచి లేవలేదు. "మీరు రాకుంటె పది రోజులు బావా."

"వస్తె?"

"ఇరవై."

అంజయ్య కళ్లు మూసుకున్నాడు. సిద్దయ్య బల్ల మీద వంగిన పట్టీల వైపు చూశాడు, గీత వైపు చూశాడు, మీసం కింద నవ్వు ఆపుకోలేక నా వైపు తిరిగాడు.

"పదే రాసుకోండ్రి రావు సాబ్. నా ఆఫీసుకు ఇంకేడనన్న జాగ సూసుకుంట."